ఊరిని ఒక్క ముక్కలో చెప్పడం: ఆ ముక్క ఎవరిది, ఎక్కడ చెల్లుతుంది?

సామర్లకోట_జంక్షన్
ఊరివాళ్ళు తమ ఊరి మీద తామే వేసుకునే చురకలు ఒకచోట పోగేద్దామని ఈ చర్చ మొదలెడుతున్నాను. "విద్యల నగరం", "ధాన్యాగారం" లాంటి బోర్డు బిరుదులు వద్దు. మూడు షరతులు.

ఒకటి, పది పన్నెండు మాటలు దాటకూడదు. రెండు, ఊరివాడికి రోజూ తగిలే ఇబ్బందో అలవాటో అందులో ఉండాలి, పొగడ్తయితే చెల్లదు. మూడోదే అసలుది. ఆ ముక్కలో మీ ఊరిపేరు తీసేసి ఇంకో ఊరిపేరు పెట్టి చూడండి. అప్పటికీ నవ్వొచ్చిందంటే అది మీ ఊరిది కాదు, ఉమ్మడి సరుకు.

మచ్చుకి మా వైపుది: "కాకినాడ వెళ్ళాలంటే టికెట్టు సామర్లకోటకి తియ్యాలి." చెన్నై-హౌరా మెయిన్ లైను మా సామర్లకోట మీదుగా పోతుంది. కాకినాడ పక్కకి చీలిన లైను మీద ఉంది. దూరం నుంచి వచ్చే పెద్ద రైళ్ళు చాలావరకు ఇక్కడ దింపేసి పోతాయి, అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్లు ఆటోయో బస్సో చూసుకోవాలి. అంత పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు, 1958 నాటి మెడికల్ కాలేజీ ఉన్న ఊరికి మెయిన్ లైను లేదు. ఇందులో కాకినాడ తీసి ఏలూరు పెట్టండి, చచ్చిపోతుంది. ఏలూరు మెయిన్ లైను మీదే ఉంది.

కృష్ణలంక_కుర్రాడు
బెజవాడకి మూడు కాలాలు: ఎండాకాలం, మండేకాలం, మాడేకాలం. అయిపోయింది, తాళం వేసెయ్యండి.

సామర్లకోట_జంక్షన్
మూడో షరతు దగ్గరే పోయింది. రామగుండం పెట్టండి, సరిపోతుంది. రెంటచింతల పెట్టండి, ఇంకా బాగా సరిపోతుంది.

సింగరేణి_షిఫ్టు
రామగుండంల గిది మా తాతల కాలం నుంచి ఉన్నది. బెజవాడోళ్ళు ఎత్కపోయిన్రు.

కృష్ణలంక_కుర్రాడు
ఎత్తుకుపోవడం ఏమిటండీ. బెజవాడని "బ్లేజ్‌వాడ" అనడం మీ థర్మల్ స్టేషన్ పునాది పడకముందు నుంచీ ఉంది. పైగా మా ఎండకి లెక్క వేరు. ఊరిచుట్టూ రాతికొండలు: ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల. పగలంతా రాయి కాగుతుంది, రాత్రి పదింటికి ఆ కాక వదులుతుంది. మే నెలలో బ్యారేజీ కింద కృష్ణ ఇసుక మేటలే. నది ఉందన్న పేరే గానీ చల్లగాలి రాదు, ఉక్క మాత్రం వస్తుంది. ఇబ్రహీంపట్నంలో థర్మల్ మాకూ ఉంది. మీది పొడి ఎండ, నీడకి పోతే తెరిపి. మాకు నీడలో కూడా చొక్కా పిండాలి. అందుకే మాకు మూడు కాలాలు, మీకు రెండే.

సింగరేణి_షిఫ్టు
ఓపెన్ కాస్టు గనుల మధ్యాహ్నం షిఫ్టుకు దిగి చూడు, కాలాలెన్నో నువ్వే లెక్కపెడ్తవ్.

ఓరుగల్లు_పోరడు
ఎండ పంచాయితీ మీరు తెంపుకోండి గని, మాది రాసుకోండి. "దిగుడు కాజీపేట, ఉండుడు హన్మకొండ, చెప్పుడు వరంగల్."

ఎట్లంటే, ఢిల్లీ రైలు దిగేది కాజీపేట జంక్షన్‌ల. వేయిస్తంభాల గుడి హన్మకొండల. కోట వరంగల్‌ల. ఎవరన్న అడిగితే మూడింటికీ కలిపి వరంగల్ అంటం. చుట్టాలొచ్చి "వరంగల్‌ల దిగినం" అని ఫోన్ చేస్తే ముందు అడిగేది, ఏ స్టేషన్‌ల అని. 2016ల జిల్లాలు చీల్చినప్పుడు అర్బన్, రూరల్ అన్నరు. 2021ల అర్బన్‌ను హన్మకొండ జిల్లా చేసి, రూరల్‌కు వరంగల్ అని పేరు పెట్టిన్రు. కార్పొరేషన్ ఒక్కటే, కలెక్టర్లు ఇద్దరు. సర్టిఫికెట్ కావాలంటే మన గల్లీ ఏ జిల్లాల పడ్డదో ముందు తెలుసుకోవాలె. పెట్టుండ్రి ఇంకో ఊరిపేరు, సూద్దాం.

సామర్లకోట_జంక్షన్
ఏ ఊరికీ సరిపోదు. ఇప్పటివరకు ఇదే మొదటి పాసు.

గోదారి_గట్టు
ఆయ్, మా రాజమండ్రిది ఇంకా రాలేదేటని చూస్తన్నాను. "మా ఊళ్ళో రోడ్డు వయసు పుష్కరాల్లో చెప్తాం." 2003లో వేశారు, 2015లో వేశారు, మళ్ళీ 2027లో వేస్తారు. మధ్యలో గొయ్యి పడితే మున్సిపాలిటీకి చెప్పక్కర్లేదండి, పంచాంగం చూసుకోవడమే. 2015లో ఊరిపేరు కూడా రాజమహేంద్రవరం చేశారు. పేరు పొడుగైంది గానీ బస్సు బోర్డు అంతే ఉంది, అక్షరాలు చిన్నవయ్యాయి.

కృష్ణలంక_కుర్రాడు
కృష్ణకి పుష్కరాలు లేవా? 2004, 2016. మా ఘాట్లూ రోడ్లూ ఆ ఏడాదివే. షరతు ప్రకారం ఇదీ ఉమ్మడి సరుకే. నా ఎండాకాలం తీసేస్తే ఇదీ తీసెయ్యాలి.

బురుజు_కింద_కర్నూలు
తుంగభద్రకూ ఉండాయి సామీ. 2008, 2020. రెండోది కరోనాలో వచ్చింది, నదిలో మునగొద్దన్నారు. మునక్కుండా పుష్కరాలు చేసిన ఊరు మాదొక్కటే, ఆ ముక్క మాత్రం మాకు వదిలిపెట్టండి.

అసలు మా ఊరిది వేరే ఉంది. "రాజధాని మా ఊళ్ళో అద్దెకుండి పోయింది." 1953 అక్టోబరు 1న వచ్చింది, 1956 నవంబరు 1న హైదరాబాదు పోయింది. మూడేండ్ల ఒక నెల. ఆఫీసులకు మేడలు చాలక గుడారాలు వేసినారు. మొన్న హైకోర్టు వస్తుందన్నారు, 2020లో చట్టం చేసినారు, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఈసారి అడ్వాన్సు కూడా ఇయ్యలేదు.

సామర్లకోట_జంక్షన్
పాసు. ఇందులో పేరు మార్చడానికి ఇంకో ఊరే లేదు.

గోదారి_గట్టు
మరి నా పుష్కరం సంగతి తేల్చలేదు. మూడు ఊళ్ళకి సరిపోతే ఉమ్మడి అంటే ఎలాగండి? గోదావరి పుష్కరాలంటేనే పుష్కరాలు. మిగతావి ఉన్నాయని ఇప్పుడే తెలిసింది.

కృష్ణలంక_కుర్రాడు
ఇదిగో, ఇదే గోదావరి వెటకారమంటే.

మూడు_కాలవల_తెనాలి
"పారిస్‌కి ఒక్క నదే, మాకు మూడు కాలవలు." ఆంధ్రా పారిస్ అనే బిరుదుని మేం ఇలా వాడుకుంటాం.

సామర్లకోట_జంక్షన్
బిరుదు మీద చురక కాబట్టి ఒప్పుకుంటున్నాను. "రెండో ఫలానా" రకం మాత్రం ఎవరూ తేవద్దు. ప్రొద్దుటూరు వాళ్ళు బంగారం కొట్లు చూపించి బొంబాయి అంటారు, చీరాల వాళ్ళు బట్టల కొట్లు చూపించి బొంబాయి అంటారు. ఒక్క బొంబాయి ఎంతమందికని సరిపోతుంది?

చీరాల_మగ్గం
బొంబాయి మాకొద్దులే. మాది ఇది: "పన్ను కట్టమంటే ఊరే వదిలేస్తాం." 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టబోమని జనం ఊరు ఖాళీ చేసి, బయట రామనగర్ అని పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. ఇప్పటికీ ఇంటిపన్ను నోటీసు వస్తే ఎవరో ఒకరు "పాకలెయ్యమంటారా?" అంటారు.

హైవే_సూర్యాపేట
"అందరూ దిగుతరు, ఎవ్వరూ ఉండరు." హైదరాబాదు-విజయవాడ బస్సు పదిహేను నిమిషాలు ఆగే ఊరు మాది. సగం దూరం ఇక్కడికే ఐతది మరి.

నాగావళి_ఒడ్డు
శ్రీకాకుళంది రాసుకోండి. "మావోడు లేని ఊరు నేదు, మా ఊరు తప్ప."

పాలమూరు_బస్సు
అన్నా, పాలమూరుకు కూడ గిదే. మా బస్సులు ముంబై దాక పోతయ్.

సామర్లకోట_జంక్షన్
అయ్యో. మంచి ముక్క, కానీ రెండు ఊళ్ళకి సరిపోయింది. ఉమ్మడి కిందే రాయాలి.

నాగావళి_ఒడ్డు
మీ షరతు ఎక్కడ తేడా కొడతందో చెప్తాను ఇనండి. ఎండ మీద జోకు ఏ ఊరోడైనా వేసుకోవచ్చు, ఎండ అందరికీ కాస్తాది. వలస మీద జోకు ఏ ఊరోడు పడితే ఆడు వేసుకోనేడు. మా మత్స్యకారులు గుజరాత్ వెరావల్ పోయి పడవలెక్కుతారు. పాలమూరోళ్ళు ముంబైలో మట్టి పని, మేస్త్రీ పనికి పోతారు. రెండు ఊళ్ళకీ ఒకే ముక్క సరిపోయిందంటే ముక్క నకిలీదని కాదు, రెండు ఊళ్ళ ఖర్మ ఒకటని. మీ పరీక్షకి తమాషా ఊళ్ళే పాసవుతాయి. నిజంగా ఇబ్బంది పడే ఊళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, ఫెయిలవుతాయి.

పాలమూరు_బస్సు
గదీ మాట.

గోదారి_గట్టు
ఇదేంటండీ బాబూ, నవ్వుకుందామని వస్తే కరువు పద్దులు తీస్తన్నారు. ఊరి మీద చురక వెయ్యడం ఒక విద్యండి. మా వైపు ఎదుటోడిని అనే ముందు మమ్మల్ని మేం అనుకుంటాం. కోడిపందేలు అంటారా, అవును అంటాం. పనికంటే మర్యాద ఎక్కువంటారా, అవును, ముందు కాఫీ తాగండి అంటాం. మిగతా జిల్లాలోళ్ళకి అది రాదు. అంటే మొహం ముడుచుకుంటారు. కడపోళ్ళు ఇంకా రాలేదు. రండి, ఏదైనా వేసుకోండి, బాంబులు మాత్రం వెయ్యకండి చాలు.

కృష్ణలంక_కుర్రాడు
అయిపోయింది.

నాపరాయి
వచ్చినా. చదువుతానే ఉండా మొదటి నుంచి.

గట్టు గారూ, మీరు మీ ఊరి మీద వేసుకున్నవి ఒకసారి లెక్క చూసుకోండి. పుష్కరాలు, కాఫీ, మర్యాద. ఇంకోసారి కాజా, పూతరేకు, రోజ్ మిల్క్ అంటారు. ఒక్కటన్నా మీకు నష్టం తెచ్చేది ఉందా? జోకు విన్నోడు మీ ఊరికొచ్చి కాజా కొనుక్కొని పోతాడు. మీ జోకు మీకు అమ్మకం తెస్తుంది. మా ఊరి మీద మీరు వేసే జోకుకు, హైదరాబాదులో అద్దె ఇల్లు అడిగితే ఓనరు "గొడవలేం లేవు కదా" అని నవ్వుతా అడుగుతాడు. పెండ్లి సంబంధం దగ్గర కూడా ఇదే నవ్వు. అది మా ఊరోళ్ళు కట్టిన ముక్క కాదు. సినిమాల్లో సుమోలు గాల్లోకి లేవడం మొదలైనాక వచ్చింది. మొదటి పోస్టులో ఏం రాసినారు? ఊరివాళ్ళు తమ ఊరి మీద తామే వేసుకునేవి అని. బాంబు ముక్క ఆ గేటు దగ్గరే ఆగిపోవాల. జంక్షన్ గారు ఎండాకాలాన్ని ఆపినారు, దీన్ని ఆపలేదు.

మాకు చురకలు రావని కదా మీ బాధ. రాసుకోండి.

"వెంకన్న మా ఊరి అల్లుడు, అలిగి కొండెక్కినాడు." ఉగాది పొద్దున దేవుని కడప గుడికి రండి. ముస్లిములు టెంకాయ, బెల్లం, చింతపండు తెచ్చి స్వామికి ఇస్తారు, బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అని. పండగ పూట అల్లునికి పెట్టే సారె అది.

రెండోది: "కడప అంటే భయపడేవాళ్ళ వంటింట్లో కడప ఉంది." గ్యాసు పొయ్యి కింద పరిచిన నల్లబండ, బీరువా అరల్లో పెట్టిన నల్లబండ మా నాపరాయి. బొంబాయిలో దాన్ని మా ఊరిపేరుతోనే పిలుస్తారు. గ్రానైటుకు డబ్బు చాలనోళ్ళు దీన్ని వేయించుకుంటారు. సున్నపురాయి కాబట్టి నిమ్మరసమో చింతపండు పులుసో పడి ఊరకే వదిలేస్తే తెల్లమచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. అంతకుమించి మా ఊరు ఎవరింట్లోనూ గొడవ చెయ్యలేదు.

ఓరుగల్లు_పోరడు
రెండోది మస్తున్నది.

బురుజు_కింద_కర్నూలు
అంతా బాగుంది కానీ అన్నా, బండల్లో సగం మా బేతంచెర్లవి. కడప ఖాతాలో వేసుకోవద్దు.

నాపరాయి
బేతంచెర్లవి వేరే రంగులు, పాలిష్ బండలు. నల్లబండ మాది.

బురుజు_కింద_కర్నూలు
బేతంచెర్లలో నల్లబండ లేదని ఎవరు చెప్పినారు?

నాపరాయి
ఇప్పుడు అది ముఖ్యమా సామీ?

బురుజు_కింద_కర్నూలు
మాకు ముఖ్యమే. రాజధాని పోయింది, బండలన్నా ఉండనీ.

గోదారి_గట్టు
నేను సరదాగా అన్నదానికి ఇంత పొడుగు సమాధానమా. మరి మా మీద బయటోళ్ళు వేసేవి లేవా? భీమవరం అంటే పందెం, పేకాట. సినిమాలో కామెడీ వాడికి మా యాస పెడతారు. మేం ఎప్పుడైనా కేసెట్టామా?

ఓరుగల్లు_పోరడు
యాస ముచ్చట తీస్తే మా దగ్గర శానా ఉన్నది గట్టన్నా. మీ యాస మాట్లాడెటోడు సినిమాల తెలివిగల్లోడు, ఎటకారం చేసి గెలుస్తడు. మా యాస ఎన్నేండ్లు రౌడీకి, పనిమనిషికి పెట్టిన్రో మీకు ఎరికే. ఈ మధ్య హీరోకు పెడ్తున్రు. అప్పటిదాక మేం నవ్వలే, నవ్వలేదని మీరు మొహం ముడుసుకున్నరంటిరి.

నాగావళి_ఒడ్డు
మా యాస ఇప్పటికీ కామెడీకే. హీరోకి ఎప్పుడొస్తాదో మరి.

గోదారి_గట్టు
ఇవన్నీ సినిమా వాళ్ళని అడగండి. నన్నెందుకు అడుగుతన్నారు?

నాపరాయి
సినిమా ముక్కను ఈ చర్చలోకి మోసుకొచ్చింది మీరు కాబట్టి.

నిర్వాహకుడు
ఇద్దరూ ఊళ్ళ మీద మాట్లాడండి, ఒకరి మీద ఒకరు వద్దు. "బాంబు" పోస్టు తీసెయ్యడం లేదు, తీసేస్తే కింద సమాధానాలు అర్థం కావు.

కృష్ణలంక_కుర్రాడు
నా లెక్క ఇంకా తేలలేదు. ఎండ ఉమ్మడి అన్నారు, సరే. అయితే దీన్నేమంటారు? "నది పొంగుతుందని కాపలా కాస్తే వాగొచ్చి ముంచింది." 2024 సెప్టెంబరులో అందరూ కృష్ణ వైపు, బ్యారేజీ గేట్ల వైపు చూస్తుంటే, బుడమేరు సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చింది. మేడ మీద ఉన్నవాళ్ళకి పాలూ నీళ్ళూ పడవల్లో అందించారు. ఎండ మీద ఇక జోకులెయ్యం, వాన మీదే.

సామర్లకోట_జంక్షన్
పాసు. నిజంగా ఇబ్బంది పడే ఊళ్ళే ఫెయిలవుతున్నాయన్న నాగావళి గారి మాట కూడా గమనించాను. మూడో షరతుని ఇలా మారుస్తున్నాను: ఇంకో ఊరికి సరిపోతే, ఆ ఊరివాళ్ళు వచ్చి "మాదీ అంతే" అనాలి. అంటే రెండు ఊళ్ళ పేరుతో రాద్దాం. పుష్కరాల రోడ్లు రాజమండ్రి, బెజవాడ, కర్నూలు. వలస శ్రీకాకుళం, పాలమూరు. ఊరివాడు కానివాడు తెచ్చింది మాత్రం ఏదీ రాయను. బాంబులతో సహా.

గోదారి_గట్టు
అంటే మా ఊరి మీద కూడా బయటోళ్ళు వేసినవి రాయరన్నమాట. సరేనండి. గోదావరి జిల్లాల తరఫున నేనే రాస్తాను: "మాకు కాలవలో నీళ్ళు, మాటలో వెటకారం, రెండూ పారతానే ఉంటాయి." 1852లో కాటన్ దొర ఆనకట్ట అయినప్పట్నుంచి.

జగ్గంపేట_మెట్ట
ఇప్పటిదాకా ఊరుకున్నాను. "గోదావరి జిల్లాల తరఫున" అన్నాక ఊరుకోలేను. ఏ కాలవండీ? ఆనకట్ట కాలవలు డెల్టాకి. మా జగ్గంపేట, గోకవరం, ప్రత్తిపాడు మెట్ట. మాకు ఎక్కువగా చెరువు, బోరు. రంపచోడవరం అవతల ఏజెన్సీ వాళ్ళకి చాలాచోట్ల అదీ లేదు. సినిమాలో పచ్చని పొలం, గట్టు మీద కొబ్బరిచెట్టు చూపించి గోదావరంటారు. అది సగం జిల్లా. కడపాయనకి బయటోడు ముక్క కట్టాడని కోపం. మాకు లోపలోడే కట్టాడు, మమ్మల్ని వదిలేసి.

నాపరాయి
ఇది నాకు తెలీదు. మీవైపు కూడా ఇట్ల ఉంటుందా?

జగ్గంపేట_మెట్ట
అన్ని జిల్లాల్లోనూ ఉంటది. మీ కడపలో కేసీ కాలవ కిందోడికీ, కాలవ లేనోడికీ ఒకే ముక్క సరిపోద్దా?

నాపరాయి
సరిపోదు.

గోదారి_గట్టు
మరి మీ మెట్టది ఒకటి చెప్పండి. నేను కట్టింది వద్దంటే మీరు కట్టండి.

జగ్గంపేట_మెట్ట
ఉంది. "మా ఏరు కూడా వైజాగ్‌లోనే ఉద్యోగం చేస్తంది." ఏలేశ్వరం దగ్గర ఏలేరు రిజర్వాయరు. దాని ఎడమ కాలవలో నీళ్ళు సుమారు 150 కిలోమీటర్లు పోయి విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి చేరతాయి. మా కుర్రోళ్ళు కూడా అదే దారి.

సామర్లకోట_జంక్షన్
పాసు. దీన్ని కాకినాడ జిల్లా కింద రాయనా, మెట్ట అని రాయనా?

జగ్గంపేట_మెట్ట
మెట్ట అనే రాయండి.

గోదారి_గట్టు
బాగుందండి, ఆయ్. ఇది మా గోదావరి లెక్కలో చెప్పుకోవచ్చా?

జగ్గంపేట_మెట్ట
చెప్పుకోండి. ముందు మీ కాలవ నుంచి ఒక తూము ఇటు తిప్పండి.

గోదారి_గట్టు
మెట్టకి నీళ్ళు వాటంతటవి ఎక్కవు కదండీ, మోటార్లు పెట్టి ఎత్తిపోయాలి.

జగ్గంపేట_మెట్ట
కరెంటు బిల్లు మీరు కడతారా, జోకు ఒక్కటే తీసుకెళ్తారా?